గ్యాస్ బావుల ఊళ్లకి ఫైబర్: రాజోలు దీవిలో చివరి ఎనిమిది కిలోమీటర్లు

లంకగట్టు
నమస్కారమండి. గ్యాస్ బావులున్న ఊళ్లకి ఫైబర్ నెట్ ఇచ్చే పని మీద లెక్కలు సరిచూసుకోవాలి. ఊరు 420 గడప. మండల కేంద్రంలో ఓఎల్‌టీ (ఇళ్లన్నిటికీ ఫైబర్‌లో వెలుగు పంపే ప్రధాన పెట్టె) పెట్టడానికి గది, కరెంటు, జనరేటర్ ఉన్నాయి. అక్కణ్ణించి కాలువ గట్టు మీదుగా ఊరి మొదటికి 6 కిలోమీటర్లు, ఊళ్లో చివరింటికి ఇంకో 2. దారిలో రెండుచోట్ల గ్యాస్ పైపులైను అడ్డొస్తుంది. ఊరి చివర గ్యాస్ బావి, ఏటి అవతల లంకలో 60 ఇళ్లు, దానికి ఎగువన ఇసుక ర్యాంపు.

అడగాల్సినవి: స్ప్లిట్ (ఒక ఫైబర్ వెలుగుని ఎన్నిళ్లకి పంచాలో ఆ లెక్క) 1:64 పెట్టొచ్చా, 1:32 దగ్గర ఆగాలా? ఓఎల్‌టీ ఊళ్లోకి తేవాలా? స్తంభాల మీద లాగాలా, పూడ్చాలా? పైపులైను దాటడానికి ఎవరి అనుమతి? లంకకి ఏం చెయ్యాలి?

వెలుగుపోగు
స్ప్లిట్ సంగతి ముందు తేల్చేద్దామండి. జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) బీ ప్లస్ ఆప్టిక్స్‌కి దారిలో వెలుగు నష్టం మొత్తం 28 డీబీ దాటకూడదు. మీ దూరానికి లెక్క ఇదీ:

8 కిలోమీటర్ల ఫైబర్, కిలోమీటరుకి 0.35 చొప్పున 2.8 డీబీ (ఇంటినుంచి ఓఎల్‌టీకి పైకెళ్లే 1310 నానోమీటర్ల వెలుగుకే నష్టం ఎక్కువ కాబట్టి దాంతోనే లెక్కెయ్యాలి). ఊరి మొదట్లో 1:4 స్ప్లిటర్ 7.2, వీధి చివర 1:8 స్ప్లిటర్ 10.5. పది జాయింట్లకి 1 డీబీ. నాలుగు కనెక్టర్లకి 2. మొత్తం 23.5. చేతిలో 4.5 మిగులుతుంది.

అదే 1:8 తర్వాత మళ్లీ 1:8 పెట్టి 64 చేస్తే 26.8. మిగిలేది 1.2. మొదటి రోజు అన్ని ఇళ్లలోనూ పచ్చలైటే వెలుగుతుంది. ఒక తుపాను వెళ్లాక తెగినచోటల్లా అతుకులు పడతాయి, అప్పుడు చివరి వీధి మొత్తం ఎర్రలైటు. కోనసీమలో అతుకులు పెరగడం ఖాయం, కాబట్టి ఆ 4.5 మిగులుని ఇవాళే ఖర్చుపెట్టొద్దు. 64 తప్పదంటే సీ ప్లస్ ఆప్టిక్స్ తీసుకోండి, దానికి 32 డీబీ వరకూ వీలుంది.

ఓఎల్‌టీలో ఒక పోర్టు ఇళ్లకి కిందికి దించేది సుమారు 2.5 గిగాబిట్లు. 32 ఇళ్లూ ఒకేసారి లాగినా ఇంటికి 77 మెగాబిట్ల దాకా వస్తుంది. 64 అయితే అందులో సగం.

రేవుకాడ
ఓఎల్‌టీ ఊళ్లోకి తెస్తే 6 కిలోమీటర్ల నష్టం తప్పుతుంది కదండీ. మండలం నుంచి రెండు కోర్లు (కేబుల్ లోపలి ఫైబర్ పోగులు) చాలు. సచివాలయంలో గది అడిగితే ఇస్తారు. ఇంత మందపాటి కేబుల్ ఎందుకు?

నీటిమట్టం
కోర్లు కలిసొస్తాయి గానీ కరెంటు దగ్గర దెబ్బతింటారండి. ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీ, స్విచ్చి కలిపి 80 వాట్లు అనుకోండి. ఒక రోజుకి 1920 వాట్ అవర్లు. 48 వోల్టుల 50 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ దానికి సరిపోతుంది. కానీ పెద్ద తుపాను వస్తే ఊళ్లో కరెంటు ఒక రోజులో రాదు. 1996 నవంబరు 6న వచ్చినలాంటిదైతే స్తంభాలన్నీ మళ్లీ నిలబెట్టాలి. రెండో రోజునుంచి ఓఎల్‌టీకి జనరేటరు కావాలి, డీజిలు కావాలి, కాపలా మనిషి కావాలి. ఊరి దారి నీళ్లలో ఉంటే ఈ మూడూ అందవు.

స్ప్లిటర్‌కి కరెంటు అక్కర్లేదు. డబ్బాలో గాజు ముక్క, అంతే. కాబట్టి ఓఎల్‌టీ మండలంలో జనరేటర్ పక్కన ఉండనివ్వండి, ఊళ్లోకి కరెంటు అక్కర్లేని సరంజామా మాత్రమే రానివ్వండి. ఇంట్లో ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే పెట్టెకి) 12 వోల్టుల చిన్న యూపీఎస్ చాలు. 10 వాట్లు తినే పెట్టెకి 12.8 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఎనిమిది గంటలు నడుపుతుంది. అదే కొలత లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే నాలుగైదు గంటలకే పడుకుంటుంది.

వెలుగుపోగు
నీటిమట్టం గారి మాటే సరైంది. కోర్ల లెక్క ఇలా వస్తుంది: 420 ఇళ్లని 32తో భాగిస్తే 14 పోర్టులు, అంటే 14 కోర్లు. 24 కోర్ల కేబుల్ వేస్తే పది మిగులుతాయి. బావికి రెండు, బడికీ ఆసుపత్రికీ రెండు, లంక రేడియోకి రెండు, నాలుగు ముట్టుకోకుండా ఉంచాలి. మొదటి ఏడాది రెండొందల ఇళ్లే చేరతాయి, ఏడు పోర్టులు చాలు. కానీ కేబుల్ రెండోసారి లాగలేం. పోర్టు కార్డయితే ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

గట్టుదారి
కాలువ గట్టు మీద దారి గురించి. పూడ్చాలన్నా, వేలాడదీయాలన్నా ముందు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలండి: వేసవిలో కాలువలు కట్టేశాక పూడికతీత మొదలవుతుంది. పొక్లెయిన్లు గట్టు అంచు మీదే నడుస్తాయి. గట్టులో పూడ్చిన కేబుళ్లు ఎక్కువగా తెగేది అప్పుడే. బురద తీసేవాడి దృష్టి కాలువలోనే ఉంటుంది, గట్టు లోపల ఏముందో అతనికి కనపడదు.

పూడ్చే కేబుల్‌కి మామూలు లోతు 1.65 మీటర్లు. డెల్టాలో ఆ లోతుకి చాలాచోట్ల ఊట వస్తుంది, నల్లరేగడి అంచులు కూలిపోతాయి. అందుకని కూలీలు మూడడుగులకే ఆపి పైపు పడేసి మట్టి కప్పేస్తారు. బిల్లులో మాత్రం 1.65 ఉంటుంది. ప్రతి 50 మీటర్లకీ మట్టి కప్పకముందు టేపు పెట్టి ఫొటో తీయించండి. ఈ ఒక్క షరతు ఒప్పందంలో రాయకపోతే మిగతావి ఎన్ని రాసినా ప్రయోజనం లేదు.

నా సలహా: గట్టు పొడుగునా స్తంభాల మీద ఏడీఎస్ఎస్ (తన బరువు తనే మోసుకునే) కేబుల్, వంతెనల దగ్గర పిట్టగోడకి ఆనించి జీఐ పైపులో. కాలువ అడుగునుంచి దాటించొద్దు. స్తంభాలు విద్యుత్ సంస్థవైతే రాతపూర్వక అనుమతి తీసుకుని, అన్నిటికన్నా కింది తీగకి దిగువన, వాళ్లు చెప్పిన ఎడంలో కట్టాలి. ఇనప తీగ ఉన్న '8' అంకె ఆకారపు కేబుల్‌ని కరెంటు స్తంభాలకి కట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. ఏడీఎస్ఎస్‌లో లోహం ఉండదు.

50 మీటర్ల ఎడానికి అరమీటరు జారు ఉంచండి. బిగించి లాగితే అందంగా కనిపిస్తుంది, గాలివానకి క్లాంపు దగ్గర తొడుగు చీరుకుపోతుంది. ప్రతి అరకిలోమీటరుకి 15 మీటర్ల చుట్ట వదలండి.

లంకగట్టు
ఊళ్లో సగం దూరం కొబ్బరితోటల్లోంచే వెళ్లాలి. చెట్లకి కట్టేస్తే స్తంభాల ఖర్చు తగ్గుతుంది. దానికి ఏమంటారు?

గట్టుదారి
వద్దండి. గాలికి కొబ్బరిచెట్టు తల ఒకవైపుకి, పక్కచెట్టు తల ఇంకోవైపుకి ఊగుతుంది. కేబుల్ ఆ రెండింటి మధ్య నలుగుతుంది. దింపు తీసే రోజున గెలలు కిందికి వదిలితే డ్రాప్ వైర్ (ఇంటికి దిగే సన్న కేబుల్) మీదే పడతాయి. ఎండు మట్ట బరువు కూడా తక్కువేం కాదు. తోట లోపల దారి తప్పదంటే వరస మధ్యన కాకుండా తోట సరిహద్దు గట్టు వెంబడి 25 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో పూడ్చండి. రెండడుగులైనా చాలు, అది ఊరి లోపలి డ్రాప్ కాబట్టి. పైపు మూతులు బిగించకపోతే ఎలకలు కాపురం పెడతాయి. పైన వేలాడే వాటికి ఉడతల బెడద.

కేసనపల్లి_గాలి
సముద్రం పక్కన ఊళ్లకి ఒక మాట. డ్రాప్ కేబుల్ కొనేటప్పుడు లోపల బలం కోసం స్టీలు తీగ ఉందా, ఎఫ్ఆర్‌పీ (గాజునార ప్లాస్టిక్) కడ్డీ ఉందా చూడండి. స్టీలుది చవక. ఉప్పుగాలికి కోసిన చివరనుంచి తుప్పు లోపలికి పాకుతుంది, ఉబ్బి తొడుగుని చీలుస్తుంది, ఆ చీలికలోంచి నీరు దిగుతుంది. క్లాంపులు 304 స్టీలువైతే మచ్చలు పడతాయి, తీరానికి దగ్గరైతే 316 తీసుకోవాలి.

ఫాస్ట్ కనెక్టర్లు వద్దు. కత్తిరించి గుచ్చేసే రకం లోపల జెల్ ఉంటుంది, వేసవి వేడికి ఎండిపోతుంది. జనవరిలో ఓఎన్‌టీ దగ్గర వెలుగు బలం మైనస్ 20 డీబీఎం చూపించిన ఇల్లు మే నెలలో మైనస్ 27కి జారిపోతుంది, ఇంకాస్త తగ్గితే ఓఎన్‌టీ పట్టుకోలేదు. కారణం దొరక్క ఓఎన్‌టీలు మారుస్తూ ఉంటారు. ఇంటి దగ్గర కూడా ఫ్యూజన్‌తో (గాజు కరిగించి) పిగ్‌టెయిల్ (ఒక చివర కనెక్టరున్న ఫైబర్ ముక్క) అతికించండి, ఒకసారి అతికితే మళ్లీ చూడక్కర్లేదు.

పైపులైను_పక్కూరు
అసలు విషయం ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఫ్యూజన్ స్ప్లైసర్ అంటే విద్యుత్ ఆర్కు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య నిప్పు పుట్టించి గాజు కరిగించే యంత్రం. గ్యాస్ పైపులైను మీద, వాల్వు దగ్గర, బావి కంచె పక్కన దాన్ని తెరవకూడదు. మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపునుంచి కారి పేరుకున్న గ్యాస్ అంటుకుని ఇరవైమందికి పైగా పోయారు. పాశర్లపూడి బావి 1995 జనవరిలో అంటుకుని రెండు నెలలు మండింది. ఈ దీవిలో పనిచేసే ప్రతి స్ప్లైసింగ్ జట్టుకీ ఈ రెండూ మొదటి రోజే చెప్పాలి.

పని ఎలా చెయ్యాలంటే: పైపులైను దాటే చోట జాయింటు ఉండనేకూడదు. కేబుల్ డ్రమ్ము పొడవు ముందే లెక్కేసుకుని, పైపుకి రెండువైపులా కేబుల్ తెగకుండా సాగేలా చూసుకోవాలి. జాయింటు ఎక్కడ పడినా 20 మీటర్ల చుట్ట వదిలితే, క్లోజర్‌ని (అతుకులుంచే డబ్బాని) కిందికి దించి దూరంగా బండిలోకో గదిలోకో తెచ్చుకుని అతికించొచ్చు. గ్యాస్ వాసన వస్తే స్ప్లైసరు, జనరేటరు, సెల్‌ఫోను ఏదీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చెయ్యాలి. పైపు మార్కరు రాళ్ల మీద అత్యవసర నంబరు ఉంటుంది, దూరం వచ్చాక దానికి ఫోన్ చెయ్యాలి.

ఇక అనుమతి. పైపు వెళ్లే పట్టీ మీద హక్కు 1962 నాటి చట్టం కింద పైపులైను సంస్థది. భూమి రైతుదే, కానీ అందులో కట్టడం, చెరువు, బావి, చెట్టు కూడదు. రైతు సరేనన్నాడని స్తంభం పాతితే చెల్లదు. స్తంభాలు పట్టీకి బయట రెండువైపులా పాతి మీదనుంచి దాటించండి. పూడ్చే పనైతే సంస్థ మనిషి ఎదుట నిలబడి ఉండగా, పలుగూ పారతో, నిలువుగా అడ్డంగా దాటాలి. లోతు, ఎడం వాళ్లు చెప్పినంత. తవ్వేముందు 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌లో నమోదు చెయ్యండి. 2023 మార్చి నుంచి ఉంది.

లంకగట్టు
బావి దగ్గరికి కూడా రెండు కోర్లు అనుకున్నాం. లోపలిదాకా మనమే వెయ్యొచ్చా?

పైపులైను_పక్కూరు
గేటు దాటి వెళ్లొద్దండి. 1952 గనుల చట్టంలో చమురు బావి కూడా గనే, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్ 2020లోనూ అంతే. ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ 2017 వర్తిస్తాయి, గనుల భద్రత డైరెక్టరేట్ పర్యవేక్షణ ఉంటుంది. మన ఊళ్లని గని ఊళ్లు అనడానికి ఎవరైనా నవ్వితే ఈ చట్టం చూపించండి. లోపల ఏ పెట్టె పెట్టినా ఆ ప్రమాద జోనుకి (గ్యాస్ ఉండే చోటుకి) తగిన ధ్రువీకరణ ఉండాలి, ఆర్కు వచ్చే పనికి హాట్ వర్క్ పర్మిట్టు, ముందు గ్యాస్ పరీక్ష ఉండాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో, ప్రమాద జోను బయట, ఓడీఎఫ్ (కోర్లు తెచ్చి ముగించే పెట్టె) పెట్టి రెండు కోర్లు అప్పగించండి. అక్కణ్ణించి లోపలికి వాళ్ల పని.

ఇంకో సంగతి. రిగ్గు వచ్చినప్పుడు దాంతో పాటు వచ్చే టవరు, డిష్షు చూసి ఊరికి నెట్ వచ్చేసిందనుకోవద్దు. డ్రిల్లింగ్ అయ్యాక రిగ్గు వెళ్లిపోతుంది, అవీ వెళ్లిపోతాయి. ఉత్పత్తి మొదలైన బావికే ఏళ్ల తరబడి లైను కావాలి. ఆ బావికి సంస్థ సొంతంగా కేబుల్ లాగుతున్నప్పుడే పంచాయతీ ఒక తీర్మానం చేసి, ఊరి మొదట్లో ఒక జాయింటు, ఊరికి 12 కోర్లు అడగాలి. తవ్వకం ఖర్చు ఎలాగూ అయిపోతుంది. కోర్లు పెంచితే దానిమీద పడే ఖర్చు చాలా తక్కువ. ఈ అడగడం టెండరు పిలవకముందు జరగాలి. తర్వాత ఎవరూ డ్రాయింగు మార్చరు.

పంచాయతీకాగితం
డబ్బు గురించి చాలామంది పొరబడే చోటు చెప్తాను. "గనులున్న ఊరు కదా, డీఎంఎఫ్ నిధులు అడుగుదాం" అంటారు. జిల్లా ఖనిజ నిధి 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి తెచ్చింది. ఆ చట్టంలో ఖనిజం అనే మాటలోనే ఖనిజ నూనెలు లేవు. కాబట్టి గ్యాస్ బావి మీద డీఎంఎఫ్ జమకాదు. గ్యాస్ ఊళ్లకి దారి కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 కింద సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు). దరఖాస్తులో ఊరికే 'ఇంటర్నెట్' అని రాయకుండా బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, వరద హెచ్చరికల మైకు వీటికి కనెక్షన్లు అని రాయండి, ఒక్కోదానికి ఎన్ని మీటర్లు, ఎంత ఖర్చు వేసి.

ఇసుక వేరు. అది చిన్న ఖనిజం, దాని మీద డీఎంఎఫ్ వాటా రాష్ట్రం నిర్ణయిస్తుంది. అడగాల్సింది జిల్లా గనుల శాఖని. అయితే 2024 మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువులాంటి వాటికే వెళ్లాలి.

వీటన్నిటికన్నా ముందు, సచివాలయంలో భారత్‌నెట్ (పంచాయతీలకి ఫైబర్ ఇచ్చే కేంద్ర పథకం) పెట్టె ఉందేమో చూడండి. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన కార్యక్రమంలో పంచాయతీలని రింగులో కలపాలి. ఖాళీ కోర్లు లీజుకి దొరికితే మీ 6 కిలోమీటర్లలో కొంత తగ్గొచ్చు. రోడ్డు, గట్టు అనుమతులకి 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే (దారి హక్కు) నియమాలు అమల్లో ఉన్నాయి. పాత ఫారాలతో వెళ్లొద్దు.

ర్యాంపుబండి
ఇసుక ర్యాంపుకి ఫైబర్ వెయ్యకండి. వానాకాలం ఏటిలో తవ్వకం ఆగిపోతుంది, నీరొస్తే దారే ఉండదు. కాటా గదికీ కెమెరాలకీ ఏటిగట్టు మీదనుంచి రేడియో ఇవ్వండి, సీజను అయ్యాక దింపుకోవచ్చు.

టిప్పర్లు తిరిగే రోడ్డు మీద డ్రాప్ వైరు అడ్డంగా వేలాడితే నెల నిలవదు. ఇసుక దించాక తొట్టి పూర్తిగా దిగకుండానే బండి కదులుతుంది. ఆ రోడ్డు కిందనుంచి జీఐ పైపులో దాటించండి, పైకి ఎత్తే ఆలోచనే వద్దు.

నీటిమట్టం
లంక సంగతికొద్దాం. ఏరు దాటించడానికి 5.8 గిగాహెర్ట్జ్ రేడియో జత చాలు. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదు, ఈఐఆర్‌పీ (డిష్షు బలంతో కలిపి బయటికెళ్లే శక్తి) 36 డీబీఎం దాటకూడదు.

గట్టుకీ లంకకీ 3 కిలోమీటర్లు అనుకుందాం. దారి నష్టం సుమారు 117 డీబీ. 36 నుంచి అది తీసేసి, అవతల 25 డీబీఐ డిష్షు కలిపితే అందే సిగ్నల్ మైనస్ 56 డీబీఎం. సైటులో మైనస్ 58, 60 వస్తే సంతోషించండి. మైనస్ 68 దగ్గర ఆగిపోతే పక్క లోబ్ (అసలు పుంజం పక్కనుండే చిన్న పుంజం) మీద బిగించి ఉంటారు. డిష్షుని ఎడమకీ కుడికీ బాగా తిప్పి అసలు శిఖరం వెతకాలి, తర్వాత పైకీ కిందికీ.

మధ్యలో ఫ్రెనెల్ వ్యాసార్ధం (తరంగం చుట్టూ పరుచుకునే మేర) 6.2 మీటర్లు. అందులో 60 శాతం, అంటే 3.7 మీటర్లు, ఏ అడ్డూ లేకుండా ఉండాలి. కంటికి ఆవలి డిష్షు కనిపించడం చాలదు. గట్టు మీద కొబ్బరి తలలకి పైనుంచి వెళ్లాలి, అవి ఏటా పెరుగుతాయి కూడా.

నీటి మీద ఇంకో చిక్కు ఉంది. నీటి మీద పడి తిరిగొచ్చే తరంగం, నేరుగా వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పోటుకీ పాటుకీ నీటిమట్టం మారుతుంటే రోజుకి రెండుసార్లు ఒకే తీరులో లింకు పడిపోతుంది. లాగ్ చూస్తే ఆ వేళలు రోజురోజుకీ కాస్త ఆలస్యంగా జరుగుతుంటాయి. దానికి మందు: ఒక డిష్షు ఎత్తుగా, ఇంకోటి వీలైనంత కిందగా పెట్టడం. ప్రతిఫలించే చోటు నీటి మీదనుంచి ఒడ్డు పొదల మీదికి జరుగుతుంది. రెండూ ఒకే ఎత్తులో పెట్టడమే మామూలుగా చేసే తప్పు.

లంకలో పెట్టెలు ఎంత ఎత్తులో ఉండాలి? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ లంకలో ఏ హెచ్చరికకి ఎక్కడిదాకా నీరొస్తుందో ఊరివాళ్లకి తెలుసు. 1986 ఆగస్టు వరద ఏ గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్లని అడిగి, దానికి మూడడుగులు పైన బిగించండి. బ్యాటరీ కూడా. చాలామంది రేడియో టవరెక్కించి బ్యాటరీ మెట్ల కింద పెడతారు. రేడియోకి వెళ్లే ఈథర్‌నెట్ తీగకి రెండు చివరలా సర్జ్ అరెస్టరు, సరైన ఎర్తు లేకపోతే మొదటి పిడుగుకే పోర్టు పోతుంది. ఆర్‌జే 45 పిన్నులకి ఉప్పుగాలికి చిలుము పడుతుంది, ఆరునెలలకోసారి కోసి కొత్తది కొట్టాలి.

రేవుకాడ
ఓఎల్‌టీ మాట వెనక్కి తీసుకుంటున్నానండి, మండలంలోనే ఉండాలి. నిర్వహణ గురించి ఒక ప్రశ్న: చివరి వీధిలో నాలుగిళ్లు ఒకేసారి మైనస్ 21 నుంచి మైనస్ 26కి పడిపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

వెలుగుపోగు
నాలుగూ ఒకే 1:8 కింద ఉన్నాయా చూడండి. ఉంటే ఇళ్లకి వెళ్లక్కర్లేదు, ఆ స్ప్లిటర్ దాకా వచ్చే కోరే అనుమానం. ఓటీడీఆర్‌తో (ఫైబర్‌లో నష్టం ఎక్కడుందో చూపే యంత్రంతో) అదే కోరుని 1310లోనూ 1550లోనూ కొట్టండి. రెండింటిలోనూ ఒకేచోట ఒకేలా నష్టం కనిపిస్తే అతుకు చెడింది, లేదా కనెక్టరు మురికి. 1550లో ఎక్కువ, 1310లో తక్కువ అయితే ఎక్కడో ఒంపు నొక్కుకుపోయింది. క్లోజర్‌లో చుట్ట బిగిసిందో, క్లాంపు పట్టేసిందో. పెద్ద కేబుల్ లోపలి జీ 652డీ రకం ఫైబర్‌కి 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా చిన్న చుట్ట పెట్టకూడదు. డ్రాప్‌లో ఉండే జీ 657 రకాలు 10 మిల్లీమీటర్ల వరకు ఓర్చుకుంటాయి. ఒకే క్లోజర్‌లో రెండూ కలిసి ఉంటాయి కాబట్టి చుట్టేవాడు పొరబడతాడు.

ఒక్క ఇల్లే పడితే కనెక్టర్ల రంగు చూడండి. పచ్చది ఏపీసీ, కొస వాలుగా కోసి ఉంటుంది. నీలంది యూపీసీ, తిన్నగా ఉంటుంది. రెండూ అడాప్టరులో చక్కగా దూరిపోతాయి, కానీ మొనలు తాకవు, మూడు నాలుగు డీబీ అక్కడే పోతుంది.

వానాకాలంలో క్లోజర్ తెరిస్తే లోపల చెమ్మ ఉంటుంది. తుడవకుండా మూయొద్దు. ఫైబర్‌ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కోసి, కోసిన తర్వాత మళ్లీ వేలు తగలకుండా అతికించాలి. చెమట చేత్తో పట్టుకున్న మొన స్ప్లైసర్ తెరమీద అంచుల్లో మబ్బుగా కనిపిస్తుంది. యంత్రం 0.02 అని చూపించినా ఆ అతుకు నమ్మొద్దు, తెంచి మళ్లీ వెయ్యండి. క్లోజర్ వేలాడదీసేటప్పుడు కేబుల్ దూరే మూతి కిందివైపుకే ఉండాలి.

లంకగట్టు
చాలా సాయమైందండి. నిర్ణయించింది: ఓఎల్‌టీ మండలంలో, 24 కోర్ల ఏడీఎస్ఎస్, 1:4 తర్వాత 1:8, తోటల్లో పైపు, లంకకి రేడియో. డ్రమ్ములు ఒక్కోటి 2 కిలోమీటర్లు వస్తున్నాయి. రెండో పైపులైను 3.9 దగ్గర పడుతుంది, అంటే రెండో డ్రమ్ము చివర సరిగ్గా దాని పక్కనే.

పైపులైను_పక్కూరు
అయితే మొదటి డ్రమ్మునుంచి 300 మీటర్లు కోసి పక్కన పెట్టేయండి. 15 మీటర్ల చుట్టలు కూడా అందులోంచే పోతాయి. రెండో డ్రమ్ము కొస పైపుకి ఇవతలే, చాలా ముందే ఆగిపోతుంది, మూడోది దాన్ని మధ్యలో దాటుతుంది. మొదటి పైపులైను ఎన్నో కిలోమీటరు దగ్గర ఉందో అది కూడా చెప్పండి. ఈ కోతతో అతుకు అక్కడ పడుతుందేమో చూసుకుని, ఆ తర్వాతే డ్రమ్ము తెరవండి.